వంటయింటి మాటలు: పెనముపై కాల్చిన పొట్టేలు మాంసము, దానిమీద పచ్చి రామములగ

కదిరి ప్రాంతమునుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసినారు. బెంగుళూరున నుద్యోగము చేయుచున్న వారి కుమారుడు సెలవులకు ఇల్లు చేరి, అచ్చటి హోటళ్లలో మాంసపు ముక్కను పెనముమీద కాల్చి, దానిపై పచ్చి కూరలు చల్లి యిచ్చెదరనియు, అట్టిది ఇంట చేయుమనియు తల్లి నడిగెనట. ఆ వంట విధమును తెలుపుమని సోదరి కోరిక. జాబు అంతటితో ముగిసినయెడల మేమును నాలుగు వాక్యములలో బదులు వ్రాసి యూరకుందుము. కాని యడుగున, సంతకమునకు దిగువ, మరియొక వాక్యము కలదు: "ఏ వంట చేసినను నా విస్తరికి వచ్చునది పులుసే గదా." మాంసము వండు కొంపలలో ఈ మాట నెరుగని యిల్లాలు అరుదు. గావున ఈ నెల వంటను గూర్చి కొంచెము విస్తరించియే వ్రాయుచున్నాము.

ఈ వంట పేరు పరదేశపుదే కాని పని పరదేశపుది గాదు. అమరకోశము వల్లించిన సోదరీమణులకు శూల్యము, భటిత్రము అను మాటలు జ్ఞాపకముండవచ్చును. ఇనుప చువ్వకు గ్రుచ్చి నిప్పులపై కాల్చిన మాంసమునకు అవి పేరులు. శాకుంతలము రెండవ యంకమున విదూషకుడు వేటతో విసిగి, వేళగాని వేళ ఈ చువ్వ మాంసమే తినవలసి వచ్చినదని మొరపెట్టుకొనును. కల్యాణి చాళుక్యుడు మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున వ్రాయించిన మానసోల్లాసములో రాజుగారి భోజనమునకై మాంసమును కాల్చు విధము లెన్నియో గలవు. 1520 ప్రాంతమున విజయనగరమును జూచిన పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పేస్ ఆ నగరమున వీధివీధినా గొఱ్ఱె మాంసము సమృద్ధిగా నమ్ముటను వ్రాసిపెట్టెను. కాబట్టి కాల్చిన మాంసము మన సీమకు నూతనము గాదు. నడుమ మనము పులుసునకే యలవాటుపడితిమి. అందుకు కారణము నాలుకకంటె లెక్క యని మా తలంపు: పావు కిలో మాంసమును కుండెడు పులుసుగా జేసిన పదిమందికి సంగటి దిగును.

పశ్చిమ దేశములందు ఈ వంటకు ఎద్దు మాంసమును వాడుదురు. ఆ మాట మన యిండ్లకు పొసగదు. అనంతపురపు మెట్టకు పొట్టేలున్నది, అదియే చాలును. ఇటలీ దేశమున, ముఖ్యముగా తొస్కానా సీమలో, కాల్చిన మాంసమును పలుచగా కోసి, చేదుగల పచ్చి యాకును, రామములగ ముక్కలను, జున్ను తురుమును పైని చల్లి, ఒలీవ నూనె చిలుకరించి తినెదరు. దానికి తాల్యాత యని పేరు, కోయబడినదని యర్థము. రామములగ యనగా నేడందరు టమాట యను పండే. మా యింటి పెద్దలు పాత పేరే వాడిరి గనుక మేమును విడువలేదు. ఈ పండు ఇటలీవారి సొత్తని తలంపవలదు. అది అమెరికా ఖండమున పుట్టి, పదునాఱవ శతాబ్దమున నౌకలపై ఇటలీకి జేరినది. మన మిరపకాయయు, మన వేరుసెనగయు నాఖండపు అతిథులే. ఒక యింటి చుట్టములే రెండు యూళ్లలో కాపురమున్నట్లున్నది.

ఇక మాంసము. సంవత్సరమునకు ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వానతో కాలము గడుపు ఈ మెట్టలో పంట తప్పినను మంద కొంత యాదుకొనును. వాన యొక్కటి రెండేండ్లు వరుసగా మొగము చాటువేసినప్పుడు మేత లేక కాపరులు గొఱ్ఱెలను వచ్చిన ధరకు తెగనమ్ముకొందురు. వింత యేమనగా, అట్టి యేట కూడ అంగడిలో మనకు ధర తగ్గదు. ఇంత వెలపెట్టి కొన్నది నిష్ఫలము గాకుండవలెనన్న అంగడివానితో నిర్మొగమాటముగా మాటలాడవలెను. ఈ వంటకు ఎముక లేని తొడ కండ గాని, వెన్ను ప్రక్క నడుము కండ గాని కావలెను. అవి ముక్కలు చేయక నిండు కండగా ఇమ్మని యడుగుడు. ఏడాది దాటని పొట్టేలైన మేలు. ముదురు గొఱ్ఱె యైనచో పచ్చి బొప్పాయి నూరిన ముద్ద ఒక్క చెంచాడు పట్టించి అరగంట యుంచి తుడిచివేయుడు. అంతకు మించిన కండ పిండియై చేతికి రాదు.

అర్ధ కిలో కండ అయిదుగురికి సరిపోవును. దానిని బొటనవ్రేలి మందమున బిళ్లలుగా కోసి, ఉప్పు రాచి ఒక గంట యుంచుడు. ఈ గంట అలక్ష్యము చేయదగినది గాదు. ఉప్పు తగిలిన వెంటనే కండ నీరు కార్చును. ముప్పావు గంట గడచిన పిదప ఆ నీటినే యుప్పుతో గూడ మరల లోనికి పీల్చుకొనును. పది నిమిషములకే పెనముపై వేసినయెడల పైభాగము తడిగానుండి కాలుటకు మారు ఉడుకును. బొత్తిగా వ్యవధి లేనిచో పెనముపై వేయుటకు ముందు క్షణమున ఉప్పు వేయుట మేలు. ఎట్లైనను పొడి గుడ్డతో రెండు వైపుల నద్ది తడి యార్పవలెను.

తడి యనిన మాకింత పట్టుదల యేల? నీరున్నంత వరకు ఆ తావున వేడి నూఱు డిగ్రీలు దాటదు. మాంసము ఎఱ్ఱబాఱి కమ్మని వాసన వచ్చుటకు నూట నలువది డిగ్రీల ప్రాంతపు వేడి కావలెను. అప్పుడు మాంసములోని అమైనో ఆమ్లములును చక్కెరలును గూడి క్రొత్త రుచులను పుట్టించును. లూయీ కమీల్ మయ్యార్ అను ఫ్రెంచి రసాయనజ్ఞుడు 1912లో దీనిని వివరించెను. రొట్టె పైపొర, వేయించిన కాఫీ గింజ, దోసె యంచు, అన్నియు ఆ గుణము చేతనే రంగును వాసనను పొందును. ఇంకొక మాట. బాగుగా కాల్చిన మాంసము పై ద్వారములు మూసికొని రసమును లోపలనే దాచునని జర్మనీ దేశపు లీబిగ్ 1847లో చెప్పెను. నేటికిని వంటపుస్తకములలో ఆ మాట వినబడుచుండును. తూచి చూచినవారు అది నిజము గాదని తేల్చిరి. పెనముపై వినవచ్చు చుయ్యిమను చప్పుడే రసము బయటికి పోవుచున్నదనుటకు సాక్ష్యము. మనము కాల్చునది రుచికే గాని తాళము వేయుటకు గాదు.

దోసెలు పోయు బరువైన ఇనుప పెనమే దీనికి తగినది. పలుచని అల్యూమినియము పాత్ర వేడి నిలుపలేదు. పెనము చక్కగా కాగిన పిదప నీటి బొట్టు వేసిన ముత్యమువలె దొరలి పోవలెను. నూనెను పెనముపై గాక మాంసమునకే పలుచగా పూయుడు, పొగ తగ్గును. ఒక వాయికి మూడు బిళ్లలకు మించి వేయవలదు. క్రిక్కిఱిసిన యెడల నీరూరి మరల ఉడుకుటే యగును. వేసినదానిని కదుపక మూడు నిమిషము లుంచి, త్రిప్పి మరి మూడు నిమిషము లుంచుడు. పశ్చిమ దేశములవారు ఈపాటికి దింపి, నడుమ నెఱ్ఱగానున్నదానినే తినెదరు. మన యెండలో, మంచు లేక వ్రేలాడగట్టి యమ్ము మాంసమునకు ఆ పద్ధతిని మేము సమ్మతింపము. సెగ తగ్గించి మూత పెట్టి మరి నాలుగు నిమిషములు మగ్గనిండు. నడుమ కోసి చూచిన ఎఱుపు కానరాకుండవలెను. గర్భవతులకు ఈ నియమము మరియు ముఖ్యము. సగము కాలిన మాంసము వలన కడుపులోని బిడ్డకు హాని చేయు వ్యాధులు సోకవచ్చును. దింపిన పిదప అయిదు నిమిషములు తాకక యుంచుడు, రసము సర్దుకొనును. అప్పుడు కండ పోగులు ఏ వైపునకు సాగుచున్నవో చూచి, వానికి అడ్డముగా పలుచని పలకలుగా కోయుడు. పోగు వెంబడి కోసిన నార వలె పండ్లకు చిక్కును. పండ్లూడిన పెద్దలున్న యింట ఈ యొక్క జాగ్రత్త చాలు.

పచ్చి కూరల భాగము కోసంబరి చేయు చేతులకు క్రొత్త గాదు. నాలుగు గట్టి రామములగలను గింజ తీసి ముక్కలుగా కోయుడు. రెండు చిన్న యుల్లిపాయలను తీగలుగా తరిగి నిమ్మరసములో పది నిమిషములు నాననిచ్చిన ఘాటు తగ్గును. ఇటలీవారి చేదాకు ఆవ జాతికి జెందినది, కావున లేత ఆవాకు గాని లేత ముల్లంగి యాకు గాని దాని స్థానమును చక్కగా నింపును. వారు వాడు సువాసన యాకు మన రుద్రజడయే. వేసవిలో నానబెట్టి త్రాగు సబ్జా గింజలు దాని గింజలే. కోటలోని తులసమ్మను తుంపవలదు, అది వేఱు, దాని వాసనయు వేఱు. ఒలీవ నూనెకు బదులు గానుగాడిన వేరుసెనగ నూనె రెండు చెంచాలు. జున్నుకు బదులు వేయించి కచ్చాపచ్చాగా దంచిన వేరుసెనగ పప్పు గుప్పెడు. ఉప్పు, మిరియాల పొడి, కావలసినవారికి ఒక పచ్చిమిరప. ఉప్పు వడ్డనకు ముందే కలుపుడు, లేనిచో నీరోడును. పచ్చిగా తినునవి గావున త్రాగు నీటితోనే రెండు మారులు కడుగవలెను. ఆ నీటిని కరివేపాకు పాదులో పోసికొనవచ్చును. ఈ మెట్టలో అది చెప్పకయే చేయు పని.

రామములగ ధరను గూర్చి ఏమి చెప్పుటయు కష్టము. ఒక ఋతువున కోత కూలి కూడ రాక రైతులు బాట ప్రక్కన పాఱబోయుదురు. 2023 జులై మాసమున మదనపల్లె మార్కెట్టులో కిలో నూఱు రూపాయలు దాటినది. కరవు ధర యున్నప్పుడు దోసకాయ ముక్కలను నిమ్మరసమును ఎక్కువ చేసికొనుడు; పులుపు ముఖ్యము గాని పండు గాదు.

పులుపు నాలుకకు మాత్రమే గాదు. 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలెను. మాంసమునందలి ఇనుము ఆకుకూరల యినుముకంటె సులభముగా వంటబట్టును. నిమ్మ, రామములగలలోని సి విటమిను రాగిసంగటిలోని యినుమును గూడ శరీరమునకు అందించుటలో తోడ్పడును. భోజనమైన వెంటనే టీ త్రాగుట ఈ లాభమును చెఱచును, కావున ఒక గంట యాగుడు. ఇంత మేలుగల ముక్క ఎవరి విస్తరిలోనికి పోవుచున్నదో యాలోచింపుడు. నెల నెల రక్తము కోల్పోవునది ఇల్లాలు. ముక్క పోవునది ఇతరులకు. ఆమెకు మిగులునది పులుసు.

కదిరి సోదరికి మే మిచ్చు బదులులో ముఖ్యమైన భాగ మిది. పులుసు కుండలో ముక్కలకు లెక్క యుండదు. గరిటె ఎవరికి ముందు వడ్డించిన వారిదే పంట. ఈ వంటలో పలకలను లెక్కింపవచ్చును. ముప్పది పలకలు, అయిదుగురు మనుష్యులు, తలకు ఆఱు. వంటయింటిలోనే అయిదు పళ్లెములు పఱచి, అన్నింట సమముగా సర్ది, పైని పచ్చి కూర చల్లి, మీ పళ్లెముపై మూతపెట్టి యుంచుడు. పిదప ఇతరులకు కొనిపొండు. అడిగి తీసికొనవలసిన పని లేదు, వాదింపవలసిన పనియు లేదు. అత్తగారేమనుకొందురో యను శంక సోదరి జాబులో లేకున్నను మాకు దోచుచున్నది. ఆరు పలకలు గల మొదటి పళ్లెము ఆమె ముందే పెట్టుడు. నలువది యేండ్లుగా ఆమెయు పులుసే తినినది గదా! "మగపిల్లవాడు ఇంకొక ముక్క యడుగును" అందురా? అడిగిన మంచిదే, సంగటి ముద్ద యింకొకటి పెట్టుడు. లేదా వచ్చు మారు అంగడికి అతనినే పంపుడు, ఎంత తూకము తెచ్చునో చూతము.

మాంసము ముట్టని యిండ్లవారు ఈ పచ్చి కూరను వదలుకొన నక్కఱలేదు. కందగడ్డను సగముడికించి, వ్రేలి మందమున బిళ్లలు కోసి, తడి యార్చి ఇదే విధమున పెనముపై కాల్చుడు. లేత కందయైన నాలుక దురదపెట్టును గావున ఉడికించు నీటిలో కొంచెము చింతపండు వేయవలెను. పెనమున అంటుకొనిన ఎఱ్ఱని గోకుడును పాఱవేయక, నాలుగు చెంచాల నీరును అర చెక్క నిమ్మరసమును పోసి గీకి కాచినయెడల సంగటిలోనికి చక్కని రసమగును. కాల్చిన పలకలు మిగిలినచో వేసవిలో ఒక గంటకు మించి బయట నుంచవలదు. మంచుపెట్టె లేని యింట ఆ పూటకే ముగింపుడు.