మంచం దిగే చదువు

మా బాబాయి గుండెకు రెండు స్టెంట్లు వేయించుకుని తెనాలి తిరిగొచ్చాక, పన్నెండు రోజులు ఆయన్ని మేమెవరం మంచం దిగనివ్వలేదు. మంచినీళ్ళు మంచం దగ్గరికే, పేపరు మంచం దగ్గరికే. బాత్రూముకని లేస్తే ముందొకరు, వెనకొకరు, కలెక్టరు గారి పర్యటనలాగా. చూడ్డానికొచ్చిన వాళ్ళు గుమ్మంలోనే అందుకునేవారు: "లేవకండి, లేవకండి, రెస్టు తీసుకోండి." యాపిల్ పళ్ళు, హార్లిక్స్ సీసా, ఈ మాట. మూడూ తేకుండా ఒక్కరూ రాలేదు.

ఆసుపత్రి వాళ్ళిచ్చిన డిశ్చార్జి కాగితం నేనే చదివాను. మాత్రలు ఎనిమిది. ఏది పరగడుపున, ఏది అన్నం తిన్నాక, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని నెలలు, అంతా పద్ధతిగా ఉంది. అన్నిటికీ అడుగున ఒక్క ముక్క: వాకింగ్. ఎప్పట్నుంచి? ఎంతసేపు? ఏ వేగంతో? ఆయాసం వస్తే ఆగాలా, సాగాలా? మేడమెట్లు ఎక్కొచ్చా? ఆ సంగతులేవీ లేవు. "రక్తం పలచబడే మాత్ర వేసుకోండి" అని రాసి, ఏ మాత్రో, రోజుకెన్నో రాయకపోతే మందుల షాపువాడే మనల్ని వెనక్కి పంపిస్తాడు. నడకకి అలాంటి పట్టింపు లేదు. అందుకే మా ఇంట్లో ఆ ఒక్క ముక్కని ఎవరికి తోచినట్టు వాళ్ళు చదువుకున్నారు. పిన్ని అయితే చదవనే లేదు.

బాబాయి మనవరాలు మెల్‌బోర్న్‌లో చదువుతోంది. క్లినికల్ ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ. ఈ పేరు మా బంధువుల్లో ఎవరికీ నోరు తిరగదు. "పిల్ల జిమ్ము కోర్సు చేస్తోంది" అని కొందరు, "సగం డాక్టరు లెండి" అని పిన్ని. పన్నెండో రోజు రాత్రి ఫోన్ చేసి ఆ పిల్ల అడిగిన మొదటి ప్రశ్న, "తాతయ్యా, ఇవాళ ఎంత నడిచావు?"

"నడవడమా? మీ నాయనమ్మ కాలు కింద పెట్టనిస్తేగా!"

అట్నుంచి కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత నాయనమ్మకి, అంటే మా పిన్నికి, క్లాసు పడింది. పక్కన కూర్చుని నేనూ విన్నాను. ఈ వారం శీర్షికంతా ఆ క్లాసు పుణ్యమే, తర్వాత నేను వెతుక్కుని చదువుకున్నది కొంత.

పడుకోబెట్టడం మన ఒక్కళ్ళ జబ్బు కాదు. గుండెపోటు వచ్చిన మనిషిని నాలుగు నుంచి ఆరు వారాలు కదలకుండా పడుకోబెట్టడం కిందటి శతాబ్దం సగం దాకా ప్రపంచమంతా వైద్యమే. 1952లో బోస్టన్ డాక్టర్లు శామ్యూల్ లెవీన్, బెర్నార్డ్ లౌన్ రోగుల్ని మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెడితే అదే పెద్ద సాహసం. నడిపించడం కాదు, ఊరికే కూర్చోబెట్టడం! నిజానికి దారి అంతకు చాలా ముందే కనబడింది. గుండెనొప్పి లక్షణాలను మొదట పూసగుచ్చినట్టు రాసిన ఇంగ్లండు వైద్యుడు విలియం హెబర్డెన్, తన ఎరికలో ఒకాయన రోజూ అరగంట కట్టె కోసి దాదాపుగా నయం చేసుకున్నాడని పద్దెనిమిదో శతాబ్దంలోనే గమనించి పెట్టాడు. ఆ కట్టెల సంగతి ఎవరూ పట్టించుకోలేదు, మంచమే గెలిచింది.

మంచం ఏం చేస్తుందో 1966లో అమెరికాలోని డాలస్‌లో కొలిచారు. ఐదుగురు కుర్రాళ్ళు, అందరికీ ఇరవయ్యేళ్ళు, జబ్బూ జాడ్యం లేనివాళ్ళు. మూడు వారాలు పడుకోబెట్టారు. లేచాక చూస్తే, బలంకొద్దీ శ్రమపడినప్పుడు ఒళ్ళు వాడుకోగలిగే ప్రాణవాయువు పావు వంతుకు పైగా పడిపోయింది. అసలు కథ ఆ తర్వాతది. ముప్పై ఏళ్ళు గడిచాక అదే ఐదుగురినీ పిలిచి మళ్ళీ కొలిచారు. అందరూ ఒళ్ళు చేశారు, వయసు మీద పడింది. అయినా ఆ ముప్పై ఏళ్ళలో పోగొట్టుకున్నదానికన్నా ఇరవయ్యో ఏట మూడు వారాల్లో మంచం లాక్కున్నదే ఎక్కువ. ఈ సంగతి చెప్పినప్పుడు బాబాయి వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు: పన్నెండు రోజులంటే ఎన్నేళ్ళురా?

బాబాయి ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యాడు. సర్వీసు మొదట్లో కొన్నేళ్ళు హైదరాబాద్‌లో డబుల్ డెక్కర్ల మీద చేశాడు. అందుకని మనవరాలు ఆయనకోసం దాచిపెట్టిన కథ ఇంకొకటుంది. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు డబుల్ డెక్కర్ బస్సుల డ్రైవర్లనీ కండక్టర్లనీ పోల్చి చూశాడు. ఇద్దరిదీ ఒకే సంస్థ, ఒకే బస్సు. ఒకడు రోజంతా కూర్చుంటాడు, ఇంకొకడు టికెట్లు కొడుతూ రోజుకు ఐదారు వందల మెట్లు ఎక్కి దిగుతాడు. దాదాపు 31,000 మంది రవాణా కార్మికుల లెక్కలు తీస్తే కండక్టర్లకి గుండెపోట్లు తక్కువ, వచ్చినా డ్రైవర్లంత తొందరగా ప్రాణం మీదికి రాలేదు. 1953లో లాన్సెట్ పత్రిక అచ్చేసింది. గట్టివాడే మోరిస్: డ్రైవర్లు ఉద్యోగంలో చేరేటప్పుడే లావుగా ఉన్నారేమో అన్న అనుమానంతో తర్వాత యూనిఫాం ప్యాంట్ల నడుం కొలతలు కూడా తెప్పించుకున్నాడు. అనుమానం కొంత నిజమే అయింది, డ్రైవర్ల నడుములు పెద్దవే. ఆ మాటా దాచకుండా రాశాడు. తపాలా శాఖలో ఉత్తరాలు పంచేవాళ్ళనీ బల్లల ముందు కూర్చునే గుమాస్తాలనీ కూడా పోల్చి చూశాడు. అక్కడా అదే తీరు. ఆయన మటుకు తొంభై తొమ్మిదేళ్ళు బతికాడు.

బాబాయి అంతా విని, "మరి నేనూ కండక్టర్నేగా, నాకెందుకొచ్చింది?" అన్నాడు.

"రిటైరయ్యి పదిహేనేళ్ళయింది. ఈ పదిహేనేళ్ళూ టీవీ ముందు నువ్వు డ్రైవర్‌వి తాతయ్యా. పైగా ఆ సిగరెట్లు."

ఇంతకీ యూనివర్సిటీలో ఈ పిల్లలు చదివేదేమిటి? శరీర నిర్మాణం, శరీర ధర్మాలు, ఈసీజీ గీతలు, ఇవి ఏ వైద్యవిద్యలోనైనా ఉన్నవే. వీళ్ళ ప్రత్యేకత ఏమిటంటే, శ్రమని మందులాగా కొలిచి ఇవ్వడం. మన టీఎంటీ పరీక్ష ఉందే, ట్రెడ్‌మిల్ మీద నడిపించేది, దానికి వరస కట్టింది సియాటిల్ డాక్టరు రాబర్ట్ బ్రూస్. మూడు నిమిషాలకో స్టేజీ, స్టేజీ మారినప్పుడల్లా వేగం పెరుగుతుంది, ఏటవాలూ పెరుగుతుంది. మనం పాసా ఫెయిలా అని మాత్రమే అడుగుతాం. వీళ్ళు ఎన్నో స్టేజీలో ఏమైందో చూస్తారు. శ్రమ పెరుగుతున్నకొద్దీ పెరగాల్సిన బీపీ పడిపోతోందా? అయితే వెంటనే ఆపేయాలి. ఈసీజీ గీత కిందికి దిగుతోందా? ఏ నాడి వేగం దగ్గర దిగింది? ఆ అంకెకి కాస్త ఇవతల ఈ మనిషి నడక ఉండాలి. అదీ మోతాదు.

ఇక్కడో చిక్కుంది. గుండెపోటు వచ్చినవాళ్ళలో చాలామందికి బీటా బ్లాకర్ అనే మాత్ర రాస్తారు. అది గుండె వేగానికి కళ్ళెం. ఆ మాత్ర వేసుకున్నవాడి నాడి చూసి శ్రమ ఎంతో చెప్పబోతే నాడి అబద్ధమాడుతుంది. అప్పుడు మనిషినే అడగాలి. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ అలా అడగడానికి ఓ కొలబద్ద తయారుచేశాడు. ఆరు నుంచి ఇరవై దాకా అంకెలు. ఆరంటే ఊరికే కూర్చున్నట్టు, ఇరవై అంటే ఇక ఒక్క అడుగు కూడా పడనట్టు. ఆరు నుంచి ఎందుకంటే, ఆరోగ్యంగా ఉన్న యువకుడైతే ఆ అంకెని పదితో హెచ్చవేస్తే ఇంచుమించు నాడి వేగం వస్తుంది. గుండెపోటు నుంచి కొత్తగా బయటపడ్డవాళ్ళని పదకొండు, పదమూడు మధ్య నడిపిస్తారు.

నాకు అన్నిటికన్నా నచ్చిన పాఠం ఇదే. ఎందుకంటే ఇంత యంత్రాంగం తర్వాత చివరికి మనిషి నోటి మాట దగ్గరికొచ్చి ఆగింది. మరి ఆ మాట తెలుగులో ఏమిటి? మా బాబాయి గుండెపోటు వచ్చిన రోజు ఉదయమంతా "గ్యాస్ పట్టింది" అనే అన్నాడు. సోడా తాగాడు. గుండె బరువెక్కడం, ఎడమ రెక్క లాగడం, దడ, ఆయాసం, ఎగశ్వాస, ఒళ్ళు తేలిపోవడం, కళ్ళు బైర్లు కమ్మడం: ఒక్కోటి ఒక్కో సంగతి. "కాస్త ఆయాసంగా ఉంది" అని గుంటూరు జిల్లా పెద్దాయన అంటే అది పదమూడా, పదిహేడా? ఆడవాళ్ళయితే పదిహేడు దగ్గర కూడా "ఏం లేదు, బానే ఉంది" అంటారు. ఇంగ్లీషులో చదువుకున్న పిల్లలకి ఇంటి భాష ఇక్కడ కావాలి. ఆ కొలబద్దని తెలుగు మాటలతో గోడకి వేలాడదీసిన గదిని నేనింకా చూడలేదు.

ఆరు నిమిషాల నడక పరీక్ష అని ఇంకొకటి. ముప్పై మీటర్ల వరండా, రెండు చివర్లా రెండు గుర్తులు, ఒక గడియారం. ఊపిరితిత్తుల జబ్బువాళ్ళకీ, గుండె నీరసించినవాళ్ళకీ ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో కొలుస్తారు. పరీక్ష పెట్టేవాళ్ళు పక్కన నడవకూడదు, నడిస్తే రోగి వాళ్ళ వేగానికి లొంగిపోతాడు. నిమిషానికోసారి రాసిపెట్టిన రెండు ముక్కలే, ఒకే గొంతుతో చెప్పాలి. "భలే, భలే, ఇంకొంచెం" అనకూడదు. ఇది మనవాళ్ళ వల్ల అయ్యే పనేనా!

కాలి రక్తనాళాలు పూడుకుపోయి నాలుగడుగులకే పిక్కలు పట్టేసేవాళ్ళుంటారు. వాళ్ళకి ఇచ్చే చీటీ వింటే మన అమ్మలు తిడతారు: నొప్పి వచ్చేదాకా నడువు, ఆగు, తగ్గాక మళ్ళీ నడువు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకి నడక ముందు షుగరు చూడాలి, చెప్పుల్లోపల పాదం చూడాలి. డయాలిసిస్ మంచం మీద ఉన్నవాళ్ళ చేత మొదటి గంటల్లో పడుకునే పెడళ్ళు తొక్కిస్తారు కొన్ని దేశాల్లో. కిడ్నీ జబ్బుల ఉద్దానం గుర్తొచ్చింది నాకు. వారానికి రెండు మూడుసార్లు నాలుగేసి గంటలు గోడకేసి చూస్తూ పడుకునే మనుషులు వాళ్ళు.

ఆస్ట్రేలియాలో ఇది నాలుగేళ్ళ చదువు. గుర్తింపు రావాలంటే 500 గంటలు ప్రాక్టికల్ శిక్షణలో గడిపినట్టు లెక్క చూపాలి. 2006 నుంచి వాళ్ళ ప్రభుత్వ బీమా, దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్ళకి డాక్టరు పంపిస్తే, వీళ్ళ దగ్గరికి వెళ్ళడానికి డబ్బు ఇస్తోంది. ఇక్కడ ఆ పేరుతో ఆసుపత్రి ఉద్యోగ ప్రకటన ఒక్కటీ నా కంటపడలేదు. పని మాత్రం ఉంది, దాన్ని చేయాల్సిన చదువూ ఉంది. ఇన్నాళ్ళూ నాలుగున్నరేళ్ళ కోర్సుగా సాగిన ఫిజియోథెరపీ డిగ్రీ బీపీటీ, పైన రెండేళ్ళ ఎంపీటీలో గుండె, ఊపిరితిత్తుల విభాగం. తిరుపతి స్విమ్స్‌లో ఫిజియోథెరపీ కాలేజీయే ఉంది. విజయవాడ ఎన్టీఆర్ వర్సిటీ కింద, వరంగల్ కాళోజీ వర్సిటీ కింద ఏటా ఎందరో పట్టా పుచ్చుకుంటున్నారు. ఆ పట్టాతో వాళ్ళు చేస్తున్నదేమిటయ్యా అంటే, మన భాషలో "కరెంటు పెట్టడం". మోకాలికి పది సిట్టింగులు, మెడకి పది సిట్టింగులు. గుండె ఆపరేషనైనవాణ్ణి మూడు నెలలు క్రమంగా నడిపించే పని వాళ్ళకి ఎవరు అప్పగిస్తున్నారు? మన బీమా పాలసీల్లో ఎక్కువ భాగం మనిషి ఆసుపత్రిలో పడుకుంటేనే డబ్బిస్తాయి. లేచి నడిస్తే ఇవ్వవు.

ఫలితం ఉందా అని అడిగేవాళ్ళకి: 2016లో కోక్రేన్ సమీక్ష 63 పరిశోధనల్ని, 14,486 మందిని కలిపి చూసింది. వ్యాయామంతో కూడిన పునరావాసం దొరికినవాళ్ళలో గుండెజబ్బు మరణాలు 10.4 శాతం నుంచి 7.6 శాతానికి తగ్గాయి. అన్ని కారణాల మరణాలూ కలిపితే మటుకు చెప్పుకోదగ్గ తేడా లేదు, అది కూడా చెప్పాలి. ట్రెడ్‌మిల్లులు ఎక్కణ్ణుంచి తెస్తామనేవాళ్ళకి మన దేశంలోనే చేసిన యోగా-కేర్ పరీక్ష ఉంది. 24 ఆసుపత్రులు, 3,959 మంది, పన్నెండు వారాల్లో పదమూడు తరగతులు. మళ్ళీ గుండెపోట్లు, మరణాలు స్పష్టంగా తగ్గాయని తేల్చలేకపోయారు గానీ, మనుషులు బాగున్నామన్నారు, ఎక్కువమంది మునుపటి పనుల్లోకి వెళ్ళారు. చాప ఒకటి, నేర్పే మనిషి ఒకరు. ఆ మాత్రం ప్రతి జిల్లా ఆసుపత్రిలో పెట్టలేమంటే నేను నమ్మను.

విదేశాలకి వెళ్ళి ఈ కోర్సే చేస్తామనే పిల్లలు ఈ మధ్య నన్నూ సలహా అడుగుతున్నారు, నాకేదో తెలిసినట్టు. అక్కడే ఉండిపోయేవాళ్ళయితే శుభ్రంగా చేయండి. తిరిగొచ్చే ఉద్దేశం ఉంటే ముందు ఇక్కడ బీపీటీ చేసి వెళ్ళమంటాను. ఆ బీపీటీ లేకపోతే వచ్చాక మిమ్మల్ని జిమ్ముకే పంపిస్తారు.

బాబాయి పదమూడో రోజు మంచం దిగాడు, డాక్టర్ని ఫోన్‌లో అడిగాకనే. ఇప్పుడు ఎనిమిదో వారం. పొద్దున్నే డాబా మీద, పిట్టగోడ వెంట. తులసి కోట దగ్గరొక స్టేజీ, నీళ్ళ ట్యాంకు దగ్గరొక స్టేజీ, పాత అలవాటుగా స్టేజీల లెక్కనే చెబుతాడు. ఏడింటికి మెల్‌బోర్న్ నుంచి ఫోన్. "ఎంత తాతయ్యా?" "పన్నెండు." పక్కన ఎవరూ నడవకూడదని నాయనమ్మకి ఎన్నిసార్లు చెప్పినా, నీళ్ళ చెంబు పట్టుకుని ఆవిడ రెండడుగులు వెనకగా వస్తూనే ఉంది. మొన్న అడిగితే ఆవిడకి పదిహేనట.