రాజావారి మేడ, దొరవారి బండ్లసావిడి

జమీందారుగారి మేడంటే మన సినిమావాళ్ళకి తెలియనిదా! హాలు మధ్యనుంచి పైకెళ్ళి రెండుగా చీలే మెట్లు, గోడకి పులి తలకాయ, పైన గాజుదీపాల గుత్తి, నోట్లో పైపుతో జమీందారుగారు! మద్రాసు స్టూడియో ఫ్లోరులో ప్లైవుడ్డుతో లేచిన ఆ మేడని షూటింగు కాగానే విప్పేసేవారు. అదే చెక్కతో మర్నాడు హీరోయిన్ అమ్మగారికి ఆపరేషన్ చేసే ఆస్పత్రి తయారు!

మరి నిజం మేడలు అంతకంటే ఎక్కువకాలం నిలుస్తాయా? ఈ అనుమానం పట్టుకునే మొన్న మిరపకోతల రోజుల్లో గుంటూరులో బస్సెక్కి అమరావతి వెళ్ళాను. ఇప్పుడది పల్నాడు జిల్లా లెక్క. దారిపొడుగునా ఒకపక్క పత్తిచేలు, ఇంకోపక్క కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు. బస్సులో తుమ్మనివాడు లేడంటే నమ్మండి!

ఆ ఊరిని ఊరుగా నిలబెట్టినవారు రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు. 18వ శతాబ్దం చివర్లో చింతపల్లి విడిచి వచ్చి, కృష్ణ ఒడ్డున అమరేశ్వరుడి గుడి దగ్గర కొత్త రాజధాని మొదలెట్టారు. మేడలకీ వీధులకీ రాయి కావాలి కదా! పక్కనే దీపాలదిన్నె అనే మట్టిగుట్ట ఉంది. తవ్వితే ఒకటే చెక్కడపు పలకలు. పల్నాటి సున్నపురాయి మీద ఏనుగులు, రాజులు, నాట్యకత్తెలు! అది దాదాపు రెండువేల ఏళ్ళనాటి బౌద్ధ మహాచైత్యమని తవ్వే కూలీలకేం తెలుసు? 1797లో కాలిన్ మెకంజీ అనే కంపెనీ సర్వేయరు వచ్చి చూసి ముక్కున వేలేసుకున్నాడు. 1816లో మళ్ళీ వచ్చేసరికి దిన్నె నడుమంతా గుల్ల. పలకలు ఎక్కడివక్కడ మెట్లకీ గోడలకీ సర్దుకున్నాయి.

ఇంతకీ రాజావారు హీరోనా, విలనా? మీరే చెప్పండి. మంగళగిరిలో 11 అంతస్తుల గాలిగోపురం 1807-09 మధ్య కట్టించింది ఆయనే. 153 అడుగులు! చేబ్రోలులో నాలుగుముఖాల బ్రహ్మకి గుడి కట్టించిందీ ఆయనే. ములుగు పాపయారాధ్యులు వంటి పండితుడు ఆయన ఆస్థానంలోనే ఉన్నారు. ఇదంతా ఒకవైపు. రెండోవైపు, దోపిడీలు చేస్తున్నారన్న కోపంతో చెంచుల్ని భోజనానికని పిలిపించి తలలు తీయించారని జనం చెప్పుకుంటారు. ఆ చోటే నరుకుళ్ళపాడట. ఆ తర్వాత ఆయన ముందు వడ్డించిన అన్నం పురుగులై కనిపించేదనీ, అందుకే అమరేశ్వరుడి పాదాలు పట్టుకున్నారనీ అంటారు. చచ్చిపోయిన చెంచుల పేర్లు మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు.

1816లో రాజావారు పోయారు. కన్నబిడ్డలు లేరు. దత్తపుత్రులు ఇద్దరు: జగన్నాథబాబు, రామనాథబాబు. ఇంకేముంది, ఇంటర్వెల్ తర్వాత మొత్తం కోర్టు సీనే! జగన్నాథబాబు పోయినా కేసు ఆగలేదు. గుంటూరు గొడవ సముద్రం దాటి లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. ఒక దత్తుడు బతికుండగా రెండో దత్తత చెల్లదని 1846లో తీర్పు వచ్చింది. అప్పటికి రాజావారు పోయి 30 ఏళ్ళు! ఎస్టేటు చివరికి సర్కారు పరమైంది. అమరేశ్వరుడి గుడిలో ఆయన విగ్రహం చూశాను గానీ, సినిమా మేడ లాంటి మేడ మాత్రం ఊళ్ళో నాకు కనిపించలేదు.

అన్నట్టు ఆ దిన్నె రాళ్ళ సంగతి చెప్పలేదు కదూ! రాజావారి చేతికి చిక్కకుండా మిగిలిన పలకల్ని 1845లో వాల్టర్ ఇలియట్ దొర తవ్వించి మద్రాసు పంపించాడు. 1859లో కొన్ని ఓడెక్కి లండన్ చేరాయి. అక్కడ ఫైఫ్ హౌస్ అని ఒకనాటి ప్రభువుగారి భవంతి. మన నాట్యకత్తెల్ని అందులో హాల్లో పెట్టారనుకున్నారా? వెనక గుర్రపుబగ్గీలు నిలిపే సావిడిలో పడేశారు! 1867లో ఫెర్గూసన్ అనే పండితుడి కంటబడేదాకా వాటి గొడవ పట్టించుకున్న నాథుడు లేడు. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. ఆ ఫైఫ్ హౌస్ కూడా ఇప్పుడు లేదు, ఎప్పుడో పడగొట్టేశారు. రాజావారి మేడా పోయింది, దొరవారి మేడా పోయింది. వాళ్ళు మెట్టుగా తొక్కిన రాయి, మూల పడేసిన రాయి నిక్షేపంగా ఉన్నాయి. లండన్ దాకా వెళ్ళనక్కర్లేదు, చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో చూడొచ్చు, అమరావతిలోనే చూడొచ్చు.

తిరుగు బస్సులో నాకు మా అమ్మమ్మగారి పెంకుటిల్లు గుర్తొచ్చింది. మేనమామలిద్దరూ దానికోసం కోర్టుకెక్కి పద్దెనిమిదేళ్ళయింది. వాసాలు చెదలు పట్టాయి. మిరప టిక్కీలు దాచుకోడానికి కూడా పనికిరాదిప్పుడు. అయినా తాళంచెవి ఒకరి దగ్గర, దస్తావేజులు ఇంకొకరి దగ్గర! చిన్నప్పుడు ఆ ఇద్దరూ నన్ను చెరో భుజం మీద ఎక్కించుకుని నేల టిక్కెట్టు సినిమాకి తీసికెళ్ళినవాళ్ళే.

ఇంటికి రాగానే చిన్న మామయ్యకి ఫోన్ చేసి ఈ కథంతా చెప్పాను. అంతా విని, కాసేపాగి, "అయితే వాడేమంటున్నాడ్రా?" అన్నాడు. పద్దెనిమిదేళ్ళలో అన్నగారి ఊసెత్తడం అదే మొదటిసారి!

పెద్ద మామయ్య మాత్రం ఫోనెత్తలేదు. రేపు మళ్ళీ చేస్తాను. ఏమైందో వచ్చేవారం చెబుతాగా!