బండికి తగిన చక్రము

అమెరికాలో పికప్ ట్రక్కు కొన్నవారిలో కొందరు దానిని ఉన్నదున్నట్లు నడుపుటకు ఇష్టపడరు. స్ప్రింగులను మార్చి బండిని నాలుగైదు అంగుళములు పైకెత్తి, పిమ్మట పెద్ద టైర్లను, పెద్ద రిమ్ములను తగిలింతురు. ఇది వట్టి ఆడంబరమని కొట్టివేయుట న్యాయము కాదు. యూటా రాష్ట్రమున మోయాబ్ పరిసరములలోని రాతిదారులలో నడుచు బండికి పెద్ద టైరు నిజముగా అక్కరకు వచ్చును. అయితే ఎంత పెద్దది కావలెనన్న ప్రశ్నకు సమాధానమును కంటితో గాక లెక్కతో వెదకవలెను.

స్ప్రింగులను పెంచినచో బండి పైభాగము లేచును గాని, గట్టి ఇరుసు ఉన్న బండిలో ఆ ఇరుసు ఉన్నచోటనే యుండును. దారిలోని రాయి తగులునది దానికే. ఇరుసును పైకెత్తగలది టైరొక్కటే. అదియు వ్యాసము పెరిగినదానిలో సగము మాత్రమే. ఒక టైరుపై 265/70 ఆర్ 17 అని యున్నదనుకొందము. మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు. రెండవది ఆ వెడల్పులో ప్రక్కగోడ ఎత్తు నూటికెంతయో తెలుపును. చివరిది అంగుళములలో రిమ్ము వ్యాసము. ఈ లెక్కన టైరు వ్యాసము సుమారు 803 మిల్లీమీటర్లు, అనగా 31.6 అంగుళములు. దాని బదులు 35 అంగుళముల టైరు వేసినను ఇరుసు లేచునది 43 మిల్లీమీటర్లే. బడిలో పిల్లలచేత చేయింపదగిన లెక్క ఇది.

ఈ కొద్దిపాటి లాభమునకు చెల్లింపవలసిన మూల్యము తక్కువది కాదు. చక్రము ఒక్క చుట్టునకు నూటికి పదిపాళ్లకు పైగా ఎక్కువ దూరము పోవును. స్పీడోమీటరును సరిదిద్దనిచో అది 60 మైళ్లు చూపునప్పుడు బండి 66 మైళ్ల వేగముతో పోవుచుండును. నేలపై ఇంజను లాగుడు ఇంచుమించు పదవవంతు తగ్గును. బ్రేకుల పట్టును అట్లే సడలును. పోయిన లాగుడును తిరిగి పొందవలెనన్న ఇరుసులోని 3.73 గేరును తీసి 4.10 గేరు వేయవలసి వచ్చును.

రిమ్ము సంగతి వేరు. 285/70 ఆర్ 17, 285/55 ఆర్ 20 అను రెండు టైర్ల వ్యాసములు దాదాపు సమానములే. కాని మొదటిదాని ప్రక్కగోడ 200 మిల్లీమీటర్లు కాగా రెండవదానిది 157 మాత్రమే. రాతిపై వంగి దెబ్బను ఓర్చుకొనునది గాలి నిండిన ఆ గోడయే. అది కురుచయైనకొలది దెబ్బ లోహమునకు చేరువగును. కావున రాతిదారి కొరకు టైరు పెరిగిన పెరుగవచ్చును. బ్రేకులకు చోటు చాలినంతవరకు రిమ్ము పెరుగనక్కరలేదు. పెద్ద రిమ్ము చూపరుల కొరకే.

"సొమ్ము నాది, బండి నాది, ఇతరులకేమి?" అని యడుగువారు కలరు. బండి వారిదే గాని బాట అందరిది. అమెరికాలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ 2023లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, బానెట్టు 40 అంగుళములకు మించిన బండ్లు పాదచారులను ఢీకొన్నప్పుడు, 30 అంగుళములకు మించక ముందునకు వాలియున్న బానెట్టు గల బండ్లకంటె, మరణము సంభవించు అవకాశము సుమారు 45 శాతము ఎక్కువ. ఎత్తైన బానెట్టు ముందు నిలిచిన బడిపిల్లవాడు నడుపువాని కంటికి ఆనడు. ముందుభాగమును వెనుకకంటె మితిమీరి ఎత్తుటను ఉత్తర కెరొలినా రాష్ట్రము 2021లో చట్టముతో నిషేధించినది. తయారీదారు నిర్ణయించి, రిజిస్ట్రేషనులో నమోదైన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదని మన సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పినది.

ఎద్దుబండి చేసిన వడ్రంగి సహితము ఈ మర్మమెరిగినవాడే. బురదదారికి పెద్ద చక్రము మేలని ఎరిగియు, ఎద్దు ఎత్తు చూడనిదే చక్రము బిగింపలేదు. చక్రము హద్దు మీరినచో నొగ ముందునకు వాలి బరువు మూగజీవి మెడపై పడును. నేటి ట్రక్కునకు ఎద్దు లేదు. ఆ బరువు ఎదుటివాని ప్రాణముపై పడును. కావ్యమున అలంకారమునకు ఔచిత్యమెట్టిదో బండికి చక్రపు కొలత అట్టిది. పని ఎంత కోరునో అంతవరకే పెంచుట వివేకము.