నర్సమ్మ అడగాల్సిన మొదటి మాట

'కాచి చల్లార్చిన నీళ్లే తాగండి.'

ఆరోగ్య పాఠం అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చే మాట ఇదే. బడి గోడల మీద కనిపిస్తుంది. నర్సింగ్ విద్యార్థిని మొదటిసారి పల్లెకు వెళ్లినప్పుడు చెప్పేదీ ఇదే. మంచి మాటే! కలరా, టైఫాయిడ్, విరేచనాల నుంచి కాపాడే మాట.

కానీ నల్గొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోరు నీళ్లు తాగే ఇంట్లో ఈ ఒక్క మాటే చెప్పి వెళ్లిపోతే? ఇల్లాలు కట్టెలు ఖర్చు చేసి మరీ నీళ్లు మరగబెడుతుంది. క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ మాత్రం అలాగే ఉంటుంది. కొన్ని నీళ్లు ఆవిరైపోతాయి కాబట్టి మిగిలిన వాటిలో దాని పాళ్లు ఇంకాస్త పెరుగుతాయి కూడా.

నర్సు తప్పు చెప్పలేదు. ఇల్లాలు మాట వినకపోలేదు. అయినా పిల్లాడి ఎముకలకు రక్షణ దొరకలేదు. ఎందుకంటే మొదట అడగాల్సిన మాట ఎవరూ అడగలేదు... 'అవ్వా, నీళ్లు ఏడికెళ్లి తెచ్చుకుంటున్నరు?' అని.

రంగు లేదు, రుచి లేదు

ఫ్లోరైడ్‌కు రంగు, రుచి, వాసన ఉండవు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. నల్గొండ బాధితుల గురించి 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. అంటే ఈ జబ్బు కొత్తది కాదు, తెలియనిదీ కాదు.

ఇక్కడి నేల కింద ఉన్నది గ్రానైటు రాయి. ఆ రాతిలోని ఫ్లోరైడ్ భూగర్భ జలంలో కరుగుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదనీ, వేరే దారి లేకపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చనీ మన ప్రమాణాలు చెబుతాయి. ఇక్కడే ఇంకో లెక్క ఉంది. నీడపట్టున కూర్చునే మనిషి రోజుకు రెండు లీటర్లు తాగితే, ఎండలో కైకిలి చేసే మనిషి నాలుగు తాగుతాడు. నీళ్లు అవే అయినా ఒంట్లోకి చేరే ఫ్లోరైడ్ రెండింతలు! అందుకే 'ఏం నీళ్లు?' అని అడిగాక 'రోజుకెన్ని తాగుతరు? వంట ఏ నీళ్లతో?' అని కూడా అడగాలి. తాగడానికి మంచి నీళ్లు, పప్పు ఉడకడానికి బోరు నీళ్లు అయితే సగం పనే అయినట్టు.

యంత్రం అక్కర్లేని పరీక్ష

నర్సింగ్ చదువులో మొదటి మెట్టు పరిశీలన. ఆ తర్వాతే సమస్య ఏమిటో తేల్చడం, ఏం చేయాలో అనుకోవడం, చేయడం, ఫలితం చూసుకోవడం. పరిశీలనకు ఎప్పుడూ ఖరీదైన యంత్రాలు కావాలనేం లేదు. ఎముకల ఫ్లోరోసిస్‌ను అనుమానించడానికి మూడు చిన్న పనులు చేయించి చూస్తారు. మోకాళ్లు వంచకుండా కింద ఉన్న నాణెం తీయగలరా? గడ్డం ఛాతీకి ఆనుతుందా? రెండు చేతులూ తల వెనక కలుస్తాయా? ఇవి కష్టమైతే జబ్బు ఖాయమని కాదు. డాక్టరు దగ్గరికి పంపాల్సిన మనిషి అని అర్థం. పిల్లల్లోనైతే పళ్ల మీద సుద్ద మచ్చలో, పసుపు గోధుమ చారలో ఉన్నాయేమో చూడాలి.

పరీక్ష సులువే. చెప్పడమే కష్టం. పంటి మీద పడ్డ మచ్చ తోమితే పోదు. బిగుసుకుపోయిన వెన్ను మందుతో మళ్లీ వంగదు. ఈ నిజాన్ని 'ఇంక నయం కాదు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆ మనిషి మళ్లీ ఆసుపత్రి గడప తొక్కడు. 'వచ్చిన వంకర పోదుగానీ, నీళ్లు మారిస్తే ఇంక ముదరకుండ ఆపుకోవచ్చు. నొప్పికి మందులున్నయ్. నీ మనుమని పండ్లకు, బొక్కలకు ఇది రాకుండ చూసుకుందాం' అంటే? అదీ నిజమే. కానీ ఈ నిజంలో చేయడానికి ఒక పని ఉంది. నోరు మంచిదైతే ఊరు మంచిదని పెద్దలు ఊరికే అనలేదు.

పక్షవాతం వచ్చినవారినైనా, ఫ్లోరోసిస్‌తో మంచాన పడ్డవారినైనా పక్కకు జరిపేటప్పుడు చెయ్యి పట్టి గుంజకూడదు. 'ఎట్ల పట్టుకుంటే నొప్పి తక్కువ?' అని వాళ్లనే అడగాలి. ఏళ్ల తరబడి ఆ ఒంటితో బతికినవారికి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది? కదల్లేనివారిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతూ, వీపు, తుంటి, మడమలు ఎర్రబడ్డాయేమో చూస్తుంటే పుండ్లు పడకుండా కాపాడొచ్చు. ఈ పని ఇంట్లోవాళ్లకు నేర్పడం కూడా నర్సు ఉద్యోగంలో భాగమే.

ఆ బకెట్లు ఏమయ్యాయి?

నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో ఫ్లోరైడ్ తొలగించే ఓ పద్ధతి కనిపెట్టి, దానికి ఈ జిల్లా పేరే పెట్టారు. ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అంటున్నది దాన్నే. నీళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడరు, పటిక కలిపి, బాగా తిప్పి, తేర్చుకోవాలి. వినడానికి తేలికే. కానీ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో చూసి పటిక కొలవాలి. కలపాలి, ఆగాలి, అడుగున పేరుకున్న మడ్డిని పారబోయాలి. మళ్లీ తెల్లారితే అదే పని. పొద్దున్నే కూలికి పోయే ఇల్లాలికి అది ఎంత బరువో! ఇంటి పనుల్లో ఇమడని సలహా ఎంత శాస్త్రీయమైనా నాలుగు రోజుల్లో మూలనపడుతుంది. ఆరోగ్య ప్రచారం చేసే ప్రతివారికీ ఇదొక పాఠం.

నీళ్ల కోసం ఈ జిల్లా చేసిన పోరాటం చిన్నది కాదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీ పడి దేశం దృష్టిని తమవైపు తిప్పుకున్నారు. 2016లో మిషన్ భగీరథ ప్రారంభమయ్యాక నల్లా నీళ్లు ఇళ్లకు చేరాయి. అయినా 'నల్లా నీళ్లు సప్పగుంటయ్, బోరు నీళ్లే మంచిగుంటయ్' అనేవారు ఉంటారు. పొలం దగ్గర దప్పికైతే మోటారు కిందే దోసిలి పడతారు. పైపు వేయడం ఇంజనీరు పని. ఆ నీళ్లు గొంతు దిగేలా చేయడం నర్సమ్మ, ఆశా, అంగన్‌వాడీ టీచర్ల పని.

పాలమూరులో ఇంకో ప్రశ్న

మహబూబ్‌నగర్ వైపు వెళితే మొదటి మాట మారుతుంది. దేశంలో ఎన్నో ప్రాజెక్టుల దగ్గర మట్టి ఎత్తింది పాలమూరు కూలీలే. అలా వలస పోయే తల్లికి 'వచ్చే నెల టీకాకు తప్పకుండా రావాలె' అని చెబితే తల ఊపుతుంది. వచ్చే నెలకు ఆమె ఊళ్లోనే ఉండదు! అక్కడ ముందు అడగాల్సింది, 'ఎప్పుడు పోతున్నరు, ఏ ఊరికి?' అని. పోయేలోపు వేయాల్సిన టీకా వేసి, కార్డు చేతిలో పెట్టి, 'ఏ ఊళ్లనైనా సర్కారు దవాఖానల ఇది చూపిస్తే తరువాతిది ఏస్తరు' అని చెబితే ఆ బిడ్డ లెక్క తప్పిపోదు.

చివరగా ఇంకో చిన్న పని. చెప్పిందంతా చెప్పి 'అర్థమైందా?' అంటే ఎవరైనా 'అయింది' అనే అంటారు. అలా కాకుండా, 'ఇంటికి పోయినంక మీ అత్తకు ఎట్ల చెప్తవ్, ఒకసారి చెప్పు' అని అడిగితే ఎక్కడ తప్పిందో అక్కడే దొరుకుతుంది.

మనిషికి బలం, మనసు, తెలివిడి ఉంటే తనకు తాను చేసుకునే పనుల్లో సాయం చేయడమే నర్సింగ్ అని అమెరికాకు చెందిన వర్జీనియా హెండర్సన్ చెప్పింది. వీలైనంత త్వరగా ఆ మనిషి తన కాళ్ల మీద తాను నిలబడేలా చూడాలన్నది కూడా ఆమె మాటే. కాళ్లు వంకరపోయిన ఊళ్లలో ఆ మాటకు ఇంకా లోతైన అర్థం ఉంది.

ఈసారి నర్సమ్మ మీ ఇంటికొస్తే మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టండి. ఆ నీళ్లు ఎక్కడివని ఆమె అడిగితే విసుక్కోకండి. మీ పిల్లల వెన్నెముక గురించే అడుగుతోందని గుర్తుంచుకోండి.