ఎండకు నిలిచిన రంగు

పిల్లలూ!

పోయిన నెల ఒక చిన్నారి నాకు ఉత్తరం రాసింది. "మామయ్యా! నాకు బొమ్మలు వెయ్యడమంటే చాలా ఇష్టం. నా పెట్టెలో రంగులన్నీ అయిపోయినాయి. కొత్త పెట్టె పుట్టినరోజుకు కొంటానన్నారు నాన్న. పుట్టినరోజు ఇంకా అయిదు నెలలుంది. అందాకా నేనేం చెయ్యను? ఇంకొక సంగతి. రంగులున్నప్పుడైనా దేని బొమ్మ వెయ్యాలో నాకు తోచదు. మా ఊళ్ళో కొండలూ లేవు, సముద్రమూ లేదు" అని.

ఆ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. ఎందుకంటే, ఆ రెండు ప్రశ్నలూ ఒకప్పుడు నావే!

నేను చిత్రకారుణ్ణి కాను సుమా! రోజంతా లెక్కల పద్దులు చూసుకోవడం నా ఉద్యోగం. ఆదివారం వస్తే మటుకు కుంచె పట్టుకుని కూచుంటాను. ఈ అలవాటు నాకు పన్నెండో ఏట పట్టుకుంది. అప్పుడు మా ఇంట్లో రంగుల పెట్టె లేదు. కొనిపెట్టమని అడిగే ధైర్యమూ లేదు. అందుచేత నేను మా వంటింట్లోకి వెళ్ళి వెతికాను.

అసలు రంగు అంటే ఏమిటో ముందు తెలుసుకుందాం. కొట్లో కొన్న రంగైనా, ఇంట్లో చేసిన రంగైనా అందులో ముఖ్యంగా ఉండేవి రెండే: ఒకటి రంగునిచ్చే పొడి, రెండోది ఆ పొడిని కాగితానికి అంటించే జిగురు. ఈ రెంటినీ నీళ్ళతో కలిపితే నీటిరంగు. జిగురు లేకపోతే బొమ్మ ఆరగానే పొడి రాలిపోతుంది. పొడి లేకపోతే ఉత్త బంక మిగులుతుంది. అంతే కిటుకు!

జిగురు కోసం నేను దూరం పోలేదు. మా దొడ్డి వెనక తుమ్మచెట్టు ఉండేది. దాని కాండం మీద ఊరి గట్టిపడిన బంకను ఒలుచుకువచ్చి, రాత్రి కాసిని నీళ్ళలో నానబెడితే తెల్లారేసరికి చక్కని జిగురు తయారయింది. అందులో ఒక లవంగం వేస్తే తొందరగా బూజు పట్టదని మా అమ్మ చెప్పింది.

ఇక రంగులు. పసుపుడబ్బాలో పసుపుపచ్చ ఉండనే ఉంది. ఆ పసుపులో చిటికెడు తాంబూలపు సున్నం కలిపి చూశాను. చూస్తూండగానే అది ఎర్రగా మారిపోయింది! పసుపులో ఒక రంగు పదార్థం ఉంది. సున్నం వంటి క్షారం తగిలితే అది ఎరుపు తిరుగుతుంది. పారాణి ఎర్రబడేది ఇందువల్లనే.

నలుపు కోసం అమ్మ ఆముదపు దీపం మీద మూకుడు బోర్లించి, కాటుక పట్టినట్టే మసి పట్టి ఇచ్చింది. మసిని నీళ్ళలో వేస్తే కలవక పైన తేలుతుంది. అందుకని ముందు కాస్త జిగురుతో మెత్తగా నూరి, తరవాత నీళ్ళు పొయ్యాలి. ఇంటి అరుగులకు పూసే జాజు ఎర్రమట్టి రంగిచ్చింది. సుద్దముక్క తెలుపయింది. మరి ఆకుపచ్చో? ఆకులు నూరి పసరు తీశాను. ఎర్రమందారం రేకులు వేణ్ణీళ్ళలో నలిపితే ఊదారంగు నీళ్ళు వచ్చాయి. అందులో నిమ్మరసం పిండితే గులాబిరంగు, సున్నపుతేట వేస్తే ఆకుపచ్చ! ఆ పూట నాకు అన్నం కూడా సహించలేదంటే నమ్మండి.

ఇన్ని రంగులు చేతికి వచ్చాక, దేని బొమ్మ వెయ్యాలి? కొండలు మా ఊళ్ళోనూ లేవు. వరండాలో మా నాయనమ్మ కాళ్ళు చాపుకు కూచుని చింతపండులో గింజలు తీస్తూ ఉంది. వీపు కాస్త వంగింది. పక్కన చేట. పసుపుపచ్చ చీర. వెనక జాజు పూసిన అరుగు. సరే, నాయనమ్మనే వేద్దామనుకున్నాను.

మసితో గీతలు గీశాను. పసుపుతో చీర దిద్దాను. జాజుతో అరుగు వేశాను. పసరుతో అరుగు పక్క తులసిమొక్క, మందారపు నీళ్ళతో కుండీ అయిపోయినాయి. నాలుగురోజులు కుస్తీ పట్టి పూర్తి చేసి, అందరికీ కనబడాలని కిటికీకి ఎదురుగోడ మీద తగిలించాను. ఆ గోడకు పొద్దున్నే ఎండ తగిలేది. మా ఇంటికి వచ్చినవాళ్ళంతా, "అచ్చం పెద్దమ్మగారే!" అన్నారు. నాకు గర్వం పట్టలేదు.

కాని నెల తిరక్కుండానే ఏమయిందనుకున్నారు? తులసిమొక్క ఎండుగడ్డి రంగుకు దిగింది. మందారపు కుండీ వెలవెలబోయింది. అన్నిటికన్నా దారుణం, నాయనమ్మ పసుపుచీర పూర్తిగా తెల్లబడింది! నాకు ఏడుపొచ్చింది. నాయనమ్మ మటుకు బొమ్మ చూసి పకపకా నవ్వి, "నా చీర ఎవడో చాకిరేవులో ఉతికి పట్టుకొచ్చాడురా! బట్టకు పసుపుమరక పడితే ఎండలో ఆరేస్తాం, ఎండే దాన్ని తినేస్తుంది. పసుపు ఎండకు నిలవదని నీకు తెలియదూ? నన్నడిగితే చెప్పేదాన్నిగా!" అంది.

నాకు తెలియదు. ఎవరినీ అడగనూ లేదు. పెద్దవాళ్ళకు సైన్సు ఏం తెలుస్తుందిలే అనుకున్నాను!

నాయనమ్మ చెప్పినదానికి కారణం ఇది. పసుపుకూ, ఆకుపసరుకూ, పూలరేకులకూ రంగునిచ్చేవి సున్నితమైన పదార్థాలు. ఎండలోని శక్తి వాటిని ముక్కలు చేసేస్తుంది. ముక్కలయినాక వాటికి ఆ పాతరంగు ఉండదు. మసి సంగతి వేరు. అది దాదాపు వట్టి బొగ్గే, అంటే కార్బన్. ఎండ దాన్ని ఏమీ చెయ్యలేదు. తాటాకుల మీద గంటంతో గీసి, ఆ గీతల్లో మసి రుద్ది మన పెద్దలు రాసిన గ్రంథాలు ఇప్పటికీ చదవడానికి వీలుగా ఉన్నాయంటే ఆ మసి చలవే. ఎర్రమట్టికి రంగు వచ్చింది ఇనపతుప్పువంటి పదార్థం వల్ల. అదీ ఎండకు చలించదు. మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా కొండచరియల కింద వేల ఏళ్ళ కిందటి మనుషులు ఎర్రమట్టితో వేసిన బొమ్మలు ఇవాళా కనిపిస్తాయి.

అందుచేత, పిల్లలూ, కొత్తరంగు ఏది చేసినా దాన్ని ముందు పరీక్షించండి. ఇది చాలా తేలిక. ఒక కాగితం మీద ప్రతి రంగుతోనూ జానెడు పొడుగున ఒక పట్టీ పుయ్యండి. పక్కనే దాని పేరు పెన్సిలుతో రాయండి. ఆరినాక, పట్టీలన్నిటికీ సగభాగం కప్పేటట్టు దళసరి అట్టముక్క పెట్టి అంటించండి. ఆ కాగితాన్ని ఎండ తగిలే కిటికీలో పదిహేను రోజులుంచండి. తరవాత అట్ట తీసి చూడండి. కప్పిన సగమూ, ఎండకు ఉన్న సగమూ ఒక్కలాగే ఉంటే ఆ రంగు ఆ పదిహేను రోజుల పరీక్షా నెగ్గినట్టే. తేడా వస్తే అది నాలుగునాళ్ళ ముచ్చటన్నమాట. అలాంటి రంగుతో వేసిన బొమ్మను గోడకు తగిలించకుండా పుస్తకంలో దాచుకోండి, ఎక్కువకాలం ఉంటుంది.

ఇలా పరీక్షించి రంగులు తయారుచేసుకోవడం మన దేశంలో కొత్త కాదు. శ్రీకాళహస్తిలో కలంకారీ పనివాళ్ళున్నారు. వాళ్ళు బట్టను కరక్కాయరసమూ పాలూ కలిపి అందులో ముంచి ఆరేస్తారు. తుప్పుపట్టిన ఇనపముక్కలూ, బెల్లమూ నీళ్ళలో కొన్నాళ్ళు పులియబెట్టి కసిమి అనే ద్రవం చేస్తారు. కసిమితో ఆ బట్ట మీద గీస్తే, కరక్కాయలోని వగరూ కసిమిలోని ఇనుమూ కలిసి గీత నల్లబడుతుంది. పాలలోని కొవ్వు గీతను అలికిపోకుండా ఆపుతుంది. తెలంగాణలో చేర్యాల నకాషీ చిత్రకారులు ఖద్దరుబట్టకు సుద్దమట్టీ, చింతగింజల జిగురూ పట్టించి, దాని మీద కథలు బొమ్మలుగా వేస్తారు. మా నాయనమ్మ చేటలో వేసిన చింతగింజలున్నాయే, అవే! వాటిని ఉడకబెట్టి నూరితే మంచి జిగురవుతుందని నాకు ఎన్నో ఏళ్ళకు గాని తెలియలేదు.

ఇక చిన్నారి రెండో ప్రశ్న: దేని బొమ్మ వెయ్యాలి? దీనికి జవాబుగా సముద్రం ఒడ్డునే ఉన్న ఒక ముసలాయన కథ చెబుతాను. ఆయన కూడా నాలాగే ఎవరి దగ్గరా నేర్చుకోనివాడు.

ఇంగ్లండులో సెయింట్ ఐవ్స్ అనే రేవు ఉంది. అక్కడ ఆల్‌ఫ్రెడ్ వాలిస్ అనే ఆయన ఉండేవాడు. 1855లో పుట్టాడు. పడుచువయసులో ఓడల మీద పనిచేశాడు, చేపలు పట్టాడు. ఆ తరవాత పాత తాళ్ళూ, పాత ఇనుమూ కొని అమ్ముకుని బతికాడు. 1922లో ఆయన భార్య పోయింది. ఇల్లు బోసిపోయింది. ఆ ఒంటరితనం భరించలేక, డెబ్బయ్యేళ్ళ వయసులో బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టాడు.

ఆయనకు తెలిసినవి పడవలకు పూసే రంగులే. వాటితోనే బొమ్మలు వేశాడు. కాగితం బదులు సరుకుల కొట్లోంచి వచ్చిన పాత అట్టపెట్టెల ముక్కలు! ముక్క వంకరగా ఉంటే వంకరగానే వాడుకునేవాడు. చాలాచోట్ల అట్టకున్న రంగునే బొమ్మలో కలిసిపోనిచ్చేవాడు. మరి వేసినవేమిటి? తాను ఎక్కిన ఓడలు, తాను చూసిన రేవు, దీపస్తంభం, తన ఊరి ఇళ్ళు. తనకు ముఖ్యమనిపించిన దాన్ని పెద్దగా వేసేవాడు. అందుకే ఆయన బొమ్మల్లో ఒక్కొక్కప్పుడు ఓడ ఇళ్ళకన్నా పెద్దది!

1928లో బెన్ నికల్సన్, క్రిస్టఫర్ వుడ్ అనే ఇద్దరు చిత్రకారులు ఆ వీధిన పోతూ, తెరిచిన తలుపులోంచి గోడనిండా మేకులు కొట్టిన ఆ అట్టముక్కలు చూసి నిలబడిపోయారు. చదువుకున్న చిత్రకారులు ఆ ముసలాయన దగ్గర నేర్చుకున్నారు. వాలిస్ మటుకు పేదరికంలోనే ఉండి, 1942లో బీదల ఆశ్రమంలో చనిపోయాడు. ఆయన బొమ్మలు ఇప్పుడు పెద్ద పెద్ద చిత్రశాలల్లో ఉన్నాయి.

చూశారా? ఆయన అందమైన వస్తువు కోసం ఎక్కడా వెతకలేదు. తాను మరిచిపోకూడదనుకున్నదాన్ని వేశాడు. అమ్మాయీ, మీ ఊళ్ళో సముద్రం లేకపోతే మానె. మీ ఇంట్లో నీళ్ళబిందె లేదూ? నాన్న చెప్పులు లేవూ? తలుపు సందులోంచి చూసే పిల్లికూన లేదూ?

అయితే రెండుమూడు జాగ్రత్తలు చెప్పాలి. సున్నం కంట్లో పడితే చాలా ప్రమాదం. దాన్ని పెద్దవాళ్ళ చేతనే కలిపించుకోండి. మసి పట్టేటప్పుడూ, వేణ్ణీళ్ళు కాచేటప్పుడూ అమ్మో నాన్నో పక్కనుండాలి. తెలియని ఆకులూ పూలూ తుంచకండి. కుంచెను నోట పెట్టకండి. కుంచె లేకపోతే వేపపుల్ల చివర రాతితో చితక్కొడితే కుంచె అవుతుంది.

ఈ నెల మీరు చెయ్యవలసిన పని ఇది. ఇంట్లో దొరికే వస్తువులతో అయిదు రంగులు చెయ్యండి. నేను చెప్పినట్టు ఎండలో పరీక్ష పెట్టండి. పరీక్ష నెగ్గిన రంగులతో మీ ఇంట్లో ఒకరి బొమ్మ, వాళ్ళు రోజూ చేసే పని చేస్తూండగా వెయ్యండి. ఏ రంగు దేనితో చేశారో బొమ్మ వెనక రాయండి. వెయ్యకముందు మటుకు ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి: "ఏ రంగు నిలుస్తుంది? ఏది పోతుంది?" అని. నేను చేసిన పొరపాటు మీరు చెయ్యొద్దు.

నా బొమ్మ ఏమయిందని అడుగుతారేమో. చీరకు మళ్ళీ రంగు వేస్తానంటే నాయనమ్మ వద్దంది. "ఉండనీరా, నీకు గుర్తుంటుంది" అంది. ఆ తరవాత రెండేళ్ళకు ఆవిడ పోయింది. ఆవిడ ఫొటో ఒకటి ఉంది గాని, అందులో బిగుసుకుని నిలబడి, ఎవరో పరాయి మనిషిలా ఉంటుంది. నా బొమ్మలో చీర లేదు, తులసి లేదు. ఎర్రటి అరుగుంది. దాని ముందు మసిగీతల్లో వంగిన వీపూ, చింతపండు మీదికి వాలిన తలా, చేటా ఉన్నాయి. అవి పన్నెండేళ్ళ పిల్లవాడు గీసిన వంకర గీతలే. అయినా అందులో మా నాయనమ్మ ఉంది.

వచ్చే నెల మీ బొమ్మల సంగతులు రాస్తారు కదూ?

మీ
మామయ్య