ముగ్గు పోసిన్నాడు రాని సారు, పునాది లేసినంక వస్తే ఏం ఫాయిదా?

మన జగిత్యాల దిక్కు ముత్యంపేటలు రెండున్నయి. ఒకటి మల్లాపూర్ మండలంల, 2015ల మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ఊరు. ఇంకోటి మల్యాల మండలంల, కొండగట్టు కాడ. ఏ ముత్యంపేటకు పోయినా ఇందిరమ్మ ఇండ్ల ముచ్చటనే. ఎవలకొచ్చింది, ఎవలకు రాలే అన్న లొల్లి మస్తు నడుస్తది. నేను గా లొల్లిలకు పోతలేను. వచ్చినోళ్ల ఇల్లును దగ్గరుండి సూసేది ఎవలు, ఆ సూసేటోళ్లకు ఏం నేర్పాలె అన్నదే నేనడిగేది.

2024 మార్చి 11న భద్రాచలంల సీఎం రేవంత్ రెడ్డి ఈ స్కీమ్ మొదలువెట్టిండు. ఇంటికి 5 లక్షలు, నియోజకవర్గానికి 3,500 ఇండ్లు. మొదాల చెప్పిన లెక్కల బేస్‌మెంట్ అయితే లక్ష, గోడలు లేస్తే లక్ష, స్లాబ్ పడితే 2 లక్షలు, మొత్తం అయినంక లక్ష. పైసలు సీదా ఖాతల పడుతయి, నడుమ కాంట్రాక్టర్ లేడు. మంచిదే.

కానీ గీన్నే ఒక మతలబుంది. అంతకుముందు డబుల్ బెడ్రూం ఇండ్లు కాంట్రాక్టర్లు కట్టిండ్రు. సిరిసిల్ల పక్కపొంటి మండెపల్లిల 2021 జులైల కేసీఆర్ ఓపెన్ చేసిన 1,320 ఇండ్లు గా లెక్కలయే. అక్కడ ఇంజనీర్ మాట్లాడేది కాంట్రాక్టర్‌తోని. ఆయనకు ప్లాన్ సదువుడొస్తది, ఎస్టిమేట్ తెలుసు. ఇప్పుడు ఇల్లు ఆడోళ్ల పేరు మీదొస్తుంది. కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు గా ఇంటామె బీడీలు చేస్తది, పెనిమిటి దుబాయ్‌లనో సౌదీలనో ఉంటడు. సిరిసిల్లల అయితే సాంచల మీద బతికే ఇల్లు. మేస్త్రితోని బేరం, ఇసుక ట్రాక్టర్, సలాక, సిమెంటు, గోడలకు నీళ్లు కొట్టుడు, అన్నీ ఆమెనే సూసుకోవాలె. అంటే సర్కారు ఒక్కో నియోజకవర్గంల 3,500 మంది కొత్త కాంట్రాక్టర్లను తయారుజేసినట్టే. వాళ్లల్ల శానామంది జిందగీల ఒక్కపారే ఇల్లు కడుతరు.

రూల్ ఏందంటే ఇల్లు 400 చదరపు అడుగులకు తక్కువుండొద్దు, 600 దాటొద్దు. దాటితే బిల్లు ఆగుతది. రాష్ట్రంల శానా చోట్ల గిదే అయింది, పునాది కట్టుకున్నంక కొలిచి ఎక్కువైందన్నరు. మన ఊర్లల్ల జాగను గజాలల్ల లెక్కవెడుతరు, కాయితం మీదనేమో అడుగులుంటయి. 600 అడుగులంటే 66 గజాలు, ఇంకింత. 20 అడుగుల ఎడల్పు, 30 అడుగుల పొడుగు అయితే సరిగ్గ సరిపోతది. దేవునర్ర కోసమని పొడుగు ఇంకో 4 అడుగులు జరిపితే 680. ముగ్గు పోసేనాడు అయిదు నిమిషాలు టేపు పట్టి చెప్తే అయిపోయే పని ఇది. అప్పుడు చెప్పకపోతే పెట్టిన పైసలు భూమిలుంటయి, మిత్తి నెత్తి మీదుంటది.

హౌసింగ్ కార్పొరేషన్‌ల పనిజేసిన పాత ఇంజనీర్లు వేరే శాఖలకు చెదిరిపోయిండ్రు. అందుకే 2025ల సర్కారు 300కు పైగా ఏఈలను ఔట్‌సోర్సింగ్ కింద తీసుకొని, హైదరాబాద్ న్యాక్‌ల ట్రైనింగ్ ఇప్పించింది. తీసుకునుడు సరే. బీటెక్ సదివిన పోరగానికి సిమెంటు పాళ్లు కొత్త గాదు. కొత్తదేందంటే మనుషులతోని పనిజేయించుడు. 3,500 ఇండ్లకు నాలుగు దశలంటే ఒక్క నియోజకవర్గంల 14,000 సార్లు పోయి సూడాలె. ముగ్గు నాడు కూడ కలిపితే 17,500. ఏ వారం ఏ ఊరు, సెక్రటరీ ఏం సూడాలె, ఏఈ ఏం సూడాలె అన్న పంపకం రావాలె. తప్పు కనవడితే నోటిమాటతోని పోకుంట కాయితం మీద రాసియ్యాలె. "నీకేం తెల్వది, మీ ఆయనకు ఫోన్ కలుపు" అనకుంట ఇంటామెతోనే మాట్లాడాలె. సూపర్‌విజన్ అంటే గిది. ఫోన్ల ఫొటో కొట్టి యాప్‌ల ఎక్కిచ్చుడు గాదు. ఫొటోల స్లాబ్ కనవడ్తది, లోపట సలాక ఎంత మందం వేసిండ్రో కనవడదు.

ఫొటోలు వద్దంటలేను. ఉమ్మడి రాష్ట్రంల కట్టిన పాత ఇందిరమ్మ ఇండ్లల్ల అక్రమాలు జరిగినయని 2014ల సీఐడీ విచారణ వెట్టాల్సొచ్చింది. దొంగబిల్లులు ఆపేతందుకు ఫొటో పనికొస్తది. తప్పు జరగకముందే ఆపేతందుకు మనిషే కావాలె.

లండన్ ముచ్చట సూడుండ్రి. 2017 జూన్ 14న గ్రెన్‌ఫెల్ టవర్ కాలి 72 మంది సచ్చిపోయిండ్రు. అయి కూడ సర్కారీ ఇండ్లే. అగ్గి భయముందని అందులుండేటోళ్లు ముందుగాల్నే మొత్తుకున్నరు, నడిపేటోళ్లు ఇనలే. 2023ల చట్టం తెచ్చిండ్రు. గసొంటి ఇండ్లను నడిపే పెద్ద మేనేజర్లకు ఇండ్ల మేనేజ్‌మెంట్‌ల సర్టిఫికెట్ ఉండాల్సిందే అని.

మనకు అంత పెద్ద చట్టం ఎప్పుడొస్తదో గానీ, దగ్గర్నే ఒక దారి ఉంది. కేంద్రం పీఎంఏవై గ్రామీణ్‌ల మేస్త్రీలకు 45 రోజుల ట్రైనింగ్ ఉంది, నిజం ఇల్లు కట్టుకుంటనే నేర్పుతరు. మేస్త్రికి సైట్ల నేర్పినప్పుడు, ఆ మేస్త్రి పని సూసే సారుకు క్లాస్‌రూంల నేర్పితే ఎట్ల సరిపోతది? ప్రతి మండలంల మొదటి పది ఇండ్ల ముగ్గు కాడికి కొత్త ఏఈలను, సెక్రటరీలను పాత ఇంజనీర్ ఎంబడి తోలాలె. కాంట్రాక్ట్ అయిపోయి ఏఈ ఎల్లిపోతే ఊరి సంగతి తెలిసిన సెక్రటరీ అన్న ఉంటడు.

అప్పటిదాక తమ్ముళ్లు, చెల్లెండ్లు ఒక పని చెయ్యుండ్రి. మీ వాడకట్టుల ఎవలింటికి ముగ్గు పోస్తున్నా టేపు పట్టుకొని పోండ్రి. సెక్రటరీకి ముందే ఫోన్ కొట్టి రమ్మనుండ్రి. లెక్కవెట్టేది గోడల లోపటి కొలతనా, బయటి కొలతనా అని అడిగి, ఆ జవాబు రాయించుకొని సంతకం తీసుకోండ్రి.