అడిగిన పత్రము చూపుట అవమానము కాదు

థాయిలాండు దేశమున రాచవేడుకలకును, పెద్ద జనసమ్మర్దముగల బహిరంగోత్సవములకును పోవు విదేశీయులను ద్వారముకడ నిలిపి పాస్‌పోర్టు చూపుమని యడుగు పద్ధతి కలదు. ఈ విషయమును గూర్చి మన సంఘ కార్యాలయమునకు ఇటీవల కొన్ని జాబులు వచ్చినవి. వానిలో ఒకటి మన బరంపురమునందలి వర్తక కుటుంబపు పెద్దలు వ్రాసినది. వారు సకుటుంబముగా బ్యాంకాకు పోయి, అచటి యొక ఉత్సవమును చూడబోగా, పాస్‌పోర్టులు బసలో విడిచి వచ్చినందున లోనికి పోనీయలేదట. "మేము దొంగలమా? మన సొమ్ము వెచ్చించి వచ్చిన అతిథులము గదా!" యని వారు మిగుల నొచ్చుకొనిరి. సంఘము తరపున నిరసన తీర్మానము చేసి రాయబార కార్యాలయమునకు పంపవలెనని వారి కోరిక. వారి మనఃక్లేశమును మేము గ్రహింపకపోలేదు. అయినను నిరసనకు ముందు విచారణ యుండవలెను గావున, మాకు తోచిన నాలుగు మాటలు పాఠకుల యెదుట నుంచుచున్నాము.

మొట్టమొదట తెలిసికొనవలసినది, ఆ దేశమున పత్రమడుగుట విదేశీయునికి మాత్రమే విధించిన శిక్ష కాదు. అచటి పౌరునికి గుర్తింపు కార్డు నిత్యవ్యవహార వస్తువు. 2011వ సంవత్సరమున చేసిన చట్టసవరణము ననుసరించి ఏడేండ్లు నిండిన బాలబాలికలు సైతము దానిని పొందవలసి యున్నది. అందు 13 అంకెల సంఖ్య యుండును. థాయి భాషలో ఆ కార్డును "బత్ ప్రచాచొన్" అందురు. చెవికి వింతగా తోచు ఆ మాటలో "బత్" అనునది సంస్కృతమందలి పత్రమే. "ప్రచాచొన్" అనునది ప్రజాజనమే. ప్రజాజన పత్రమని మనము చెప్పుకొనదగిన దానిని తమ బిడ్డలకు ఏడవ యేటనే చేతికిచ్చు జాతి, పరదేశమునుండి వచ్చినవానిని నీ పత్రమేదని యడుగుటలో ఆశ్చర్యమేమున్నది?

2016వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీన భూమిబల్ మహారాజు దివంగతులైరి. ఆ పిమ్మట సుమారు ఒక సంవత్సరకాలము ఆయన పార్థివదేహమునకు నమస్కరించుటకు రాజప్రాసాదమునకు వచ్చిన జనము కోటి ఇరువది లక్షలకు పైబడినది. 2017 అక్టోబరు 26న సనం లువాంగ్ అను రాజప్రాంగణమున దహనసంస్కారము జరిగినది. ఆ మైదానమునకు మేరుపర్వతమును స్ఫురింపజేయు పూర్వనామము కూడ నొకటి కలదు. రాజుల చితిమండపమును వారు మేరువుగా భావింతురు. ఆ దినములలో మైదానము చుట్టును తనిఖీ స్థానములు నెలకొల్పి, స్వదేశీయులను గుర్తింపు కార్డును, విదేశీయులను పాస్‌పోర్టును అడిగి, సంచులు పరీక్షించి లోనికి పంపిరి. ఎండలో గంటలకొలది నిలిచిన థాయి వృద్ధురాలును తన కార్డు చూపియే పోయినది. ఆమెకు లేని అవమానము మనకెట్లు కలుగును?

ఈ జాగ్రత్తకు కారణములును కలవు. 2015 ఆగస్టు 17వ తేదీ సాయంకాలమున బ్యాంకాకు నడిబొడ్డున, రాచప్రసోంగ్ కూడలియందలి బ్రహ్మదేవుని మందిరమువద్ద బాంబు ప్రేలినది. ఆ మందిరమును ఎరవాన్ మందిరమందురు. ఎరవాన్ అనగా మన ఐరావతమే. ఇరువదిమంది మరణించిరి, నూటికి పైగా గాయపడిరి. మృతులలో అధికసంఖ్యాకులు విదేశయాత్రికులు. మన దేశమువారు నిత్యము కొబ్బరికాయతోను పూలతోను పోవు స్థలమది. కావున ద్వారముకడ నిలిపి యడుగు భటుడు మన బిడ్డల ప్రాణములను గూడ కాచుచున్నాడని మరువరాదు.

అయితే ఎదుటి పక్షపు వాదములోని సత్యమును దాచుట న్యాయము కాదు. ఎరవాన్ దుర్ఘటనలో నిందితులుగా పట్టుబడినవారు విదేశీయులే. సోదాలో దొంగ పాస్‌పోర్టులు దొరికినవని నాడు అచటి పోలీసులు ప్రకటించిరి. దుష్కార్యము తలపెట్టినవాడు పత్రము లేక రాడు. మనకన్న చక్కని పత్రము తెచ్చును. పాస్‌పోర్టు పుటను త్రిప్పి చూచు సామాన్య భటునికి అసలేదో నకిలీయేదో తెలియుట దుర్లభము. సంచిని పరీక్షించుట వలన కలుగు రక్షణ, పేరు చదువుట వలన కలుగదు. ఇది నిజము. మరి పత్రమడుగుట వలన ప్రయోజనమేమి?

ప్రయోజనము వేరొకచోట నున్నది. జాతరకు పోవునపుడు మన తల్లులు పసివాని చొక్కాజేబులో పేరు, వీథి, తండ్రి ఫోను సంఖ్య వ్రాసిన చీటి నుంతురు. మన నగరమున రెండేండ్లకొకమారు జరుగు ఠాకురాణీ యాత్రలో ఆ చీటి విలువ యెరుగని యిల్లు లేదు. ఆ చీటి దొంగను పట్టదు. తప్పిపోయినవానిని ఇల్లు చేర్చును. భాష రాని దేశమున, జనసముద్రములో, త్రొక్కిసలాటయో అగ్నిప్రమాదమో సంభవించినపుడు, పడిపోయిన మనిషి ఎవరు, ఎవరికి కబురు పంపవలెను అను ప్రశ్నకు జేబులోని పత్రము తప్ప వేరు జవాబు లేదు.

పత్రము లేని మనుష్యుని గతి యేమగునో ఆ థాయిలాండు భూమియే సాక్ష్యమిచ్చుచున్నది. రెండవ ప్రపంచయుద్ధకాలమున జపాను సైన్యము థాయిలాండునుండి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుమార్గమును వేయించినది. 1942లో ఆరంభమైన పని 1943 అక్టోబరునకు ముగిసినది. సుమారు అరువదివేల మంది యుద్ధఖైదీలును, లక్షన్నరకు మించిన ఆసియా కూలీలును అందు పనిచేసిరి. ఆ కూలీలలో మలయా తోటలనుండి కొనిపోబడిన తమిళులతోపాటు తెలుగువారును కలరు. కలరాచే, ఆకలిచే, దెబ్బలచే రాలిపోయినవారిలో ఖైదీలకన్న కూలీలే పెక్కురెట్లు ఎక్కువ. నేడు కాంచనబురి పట్టణమునందలి సైనిక శ్మశానమున ఏడువేలకు దగ్గరగా సమాధులు వరుసలు దీరి యున్నవి. వానిపై పేర్లు చెక్కబడి యున్నవి. కారణమేమన, సైనికునికి పేరును సంఖ్యయు పట్టికలో నుండెను. మన కూలీకి పట్టిక లేదు, పత్రము లేదు. అతని ఎముకలు అడవిలో గోతులలో కలిసిపోయినవి. ఏ ఊరివాడో, ఎవరి కొడుకో అడుగువారు లేరైరి. పేరడుగువాడు మనలను తక్కువచేయుచున్నాడని తలచుటకు ముందు, పేరడుగువారు లేక పోయిన మనవారిని ఒకమారు స్మరింపవలెను.

మన గంజాము ప్రాంతమువారికి ఈ మాట మరింత బాగుగ నర్థమగును. గోపాలపురపు రేవున స్టీమరెక్కి రంగూను పోయిన తాతలు మనలో ఎందరికో కలరు. 1942లో వారు అడవులు కొండలు దాటి కాలినడకను తిరిగి వచ్చిరి. మిగిలినవారు 1964 ప్రాంతమున ఆస్తులు విడిచి ఓడలలో వచ్చిరి. ఆ కుటుంబములలో నేటికిని పాత పెట్టెలలో పసుపువన్నె కాగితములు భద్రముగా నుంచుకొన్నవారున్నారు. కాగితమున్నవానికి ఎంతో కొంత ఆధారము దొరకెను. లేనివాడు నోటిమాటకు మిగిలెను. 1936 ఏప్రిలు 1వ తేదీన రాష్ట్రపు సరిహద్దు మన యిండ్లమీదుగా జరిగి పోయినది. మనము కదలకయే మదరాసు రాజధానినుండి ఒడిశాకు చేరితిమి. కదలకున్నవారికే చిరునామా మారు లోకమున, కదలి పోవువారు తమ చిరునామాను చేతబట్టుకొని పోవుట తెలివి కాదా?

మరియొక మాట. మన దేశము మాత్రము విదేశీయుని అడుగకున్నదా? మన హోటలులో విదేశీయుడు దిగినచో, యజమాని ఇరువదినాలుగు గంటలలోపల అధికారులకు తెలుపవలెను. థాయిలాండులో 1979వ సంవత్సరపు ఇమ్మిగ్రేషను చట్టమును అదే ఇరువదినాలుగు గంటల నియమము విధించుచున్నది. తొంబది దినములు దాటి యుండువారు తమ నివాసమును మరల మరల తెలుపుకొనుచుండవలెను. మనము మన యింట పాటించు నియమమును పరుల యింట చూచి కోపించుట తగదు.

ఇంతమాత్రమున అడుగువారి చేతికి సర్వాధికారము లభించెనని మా భావము కాదు. పత్రమడుగు పద్ధతి న్యాయమని మేమొప్పుకొనుటకు కొన్ని షరతులున్నవి. అడుగుట అందరిని అడుగవలెను. తెల్లనివానిని నవ్వుచు పంపి, నల్లనివానిని నిలిపి నాలుగుమార్లు ప్రశ్నించినచో, అది రక్షణ కాదు, వర్ణభేదము. అడుగబోవుచున్నామని ముందుగ ప్రకటింపవలెను. ఆహ్వానపత్రముపైనను ప్రకటనలోనైనను విదేశీయులు పాస్‌పోర్టు తేవలెనని నాలుగక్షరములు వ్రాసిన, పిల్లలతో వృద్ధులతో వచ్చినవారు గుమ్మమునుండి మరలిపోవు దుఃస్థితి కలుగదు. చూచిన పత్రమును చూచినవెంటనే తిరిగి యీయవలెను. మన జాబుదారు పెద్దల ఫిర్యాదులో న్యాయమైన భాగము ఈ రెండవ షరతునకు సంబంధించినది: వారికి ముందుగ ఎవ్వరును చెప్పలేదు. నిరసించుటకు బదులు, ఈ విన్నపమును మాత్రము మన రాయబార కార్యాలయము ద్వారా చేయుట యుక్తమని మా యభిప్రాయము.

ఇక మనవారు పాటింపవలసిన జాగ్రత్తలు. మన వర్తకులు ప్రతూనాం బజారున దుస్తుల బేరమునకును, యువకులు విహారమునకును ఏటేట అధికముగా పోవుచున్నారు. 2023 నవంబరులో భారతీయులకు వీసా లేకయే 30 దినములుండు సౌకర్యము కల్పించిరి. 2024 జూలైలో దానిని 60 దినములు చేసిరి. ఇట్టి నియమములు ప్రభుత్వముల యిష్టముపై మారుచుండును గావున, బయలుదేరు ముందు నాటి నియమమేదో విచారించుకొనవలెను. 2025 మే 1వ తేదీనుండి ఆ దేశమున దిగువారందరు రాకకు మూడు దినములలోపల కంప్యూటరు ద్వారా రాకపత్రమును నింపవలసి యున్నది. దానికి రుసుము లేదు. రుసుము అడుగు దళారిని నమ్మరాదు.

ఉత్సవమునకు పోవునాడు పాస్‌పోర్టును ఒంటిపై భద్రముగా నుంచుకొని పోవలెను. నకలు చాలునని కొన్నిచోట్ల ఒప్పుకొందురు, మూలమే కావలెనని కొన్నిచోట్ల పట్టుబట్టుదురు. నకలును నమ్ముకొని పోయినవాడు తిరిగి వచ్చుటకు సిద్ధపడి పోవలెను. ముద్రపడిన పుటల నకలొకటి బసలోను, ఒకటి ఇంటివద్దను ఉంచుట మంచిది. భటునితో వాదమునకు దిగక, చిరునవ్వుతో పత్రమందించి నమస్కరించినచో ఆ దేశమున పని సులభమగును. వారి నమస్కారమును మన నమస్కారము వంటిదే.

అన్నింటికన్న ముఖ్యమైనది: పాస్‌పోర్టును తాకట్టు పెట్టరాదు. మోటారుసైకిలు అద్దెకిచ్చువారు పూచీగా దానిని తమవద్ద నుంచుకొన జూతురు. 1967వ సంవత్సరపు పాస్‌పోర్టుల చట్టము ననుసరించి అది కేంద్రప్రభుత్వపు సొత్తు. మనది కాని వస్తువును మనము కుదువబెట్టజాలము. అధికారికి చూపుట వేరు, అంగడివానికి అప్పగించుట వేరు. ఈ భేదమును మన యువకులు గుర్తింపవలెను. ద్వారముకడ ఒక్క నిమిషము చూపుటకు రోషపడు మనిషి, అద్దె బండికై మూడు దినములు దానిని పరాయివాని సొరుగులో విడుచుట వింతగదా!

చివరగా, ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు పెద్దలు. బ్యాంకాకులో సీలోం వీథిని, విజయదశమి రాత్రి మారియమ్మవారి ఊరేగింపునకై, ఆ ప్రభుత్వము ఏటేట విడిచి యిచ్చుచున్నది. పరదేవతకు త్రోవ విడిచినవారు పరదేశీయుని పేరడుగుదురు. ఆ రెండును మర్యాదయే. మనయూరి ఉత్సవములకు కూలికై, వ్యాపారమునకై వచ్చిన పరప్రాంతీయులపట్ల మన స్వచ్ఛందసేవకులు ఎట్లు వర్తించుచున్నారో మనము పరీక్షించుకొనవలెను. చిరుగుచొక్కావానిని మాత్రము నిలిపి "ఎక్కడివాడవు?" అని గద్దించి, కారులో వచ్చినవానికి దారి యిచ్చు అలవాటు మనలో నున్నచో, బ్యాంకాకు భటుని తప్పుపట్టు అర్హత మనకు లేదు. అల్పసంఖ్యాకులముగా తరతరములు జీవించిన మనకు "నీవెవ్వడవు?" అను ప్రశ్నలోని ములుకు తెలియును. ఆ ప్రశ్నను మెత్తగా, అందరిని సమానముగా అడుగుట మనము నేర్చి, ఇతరులడిగినపుడు తలయెత్తి జవాబు చెప్పుట మన బిడ్డలకు నేర్పవలెను.

వచ్చే కార్యవర్గ సమావేశమున నిరసన తీర్మానమునకు బదులు పైని విన్నపమును ప్రతిపాదింపదలచితిమి. సభ్యులు తమ యభిప్రాయములను ఈలోపల వ్రాతమూలమున పంపగోరుచున్నాము.